ఏడు నిమిషాల ఖాళీలో దొరికిన పాట

డీప్ పర్పుల్ అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది ఒకటే పాట. గిటారు కొనుక్కున్న ప్రతివాడూ మొదటి వారమే కుస్తీ పట్టే "స్మోక్ ఆన్ ద వాటర్". ఇంజనీరింగు కాలేజీ ఉన్న ఏ ఊళ్ళోనైనా, ఏదో ఒక హాస్టల్ వరండాలో, ఎవడో ఒకడు దాన్ని వాయించే ఉంటాడు (ఖూనీ చేసే ఉంటాడు అనాలేమో). వరంగల్ అందుకు మినహాయింపేమీ కాదు. అయితే నేను చెప్పబోయేది ఆ పాట గురించి కాదు. అదే నెలలో, అదే ఊళ్ళో, అదే అయిదుగురు మనుషులు రికార్డు చేసి, తర్వాత పక్కకి నెట్టేసిన ఇంకో పాట గురించి. దాని పేరు "వెన్ ఎ బ్లైండ్ మ్యాన్ క్రైస్".

పేరు ముందే చెప్పేశాను గానీ, నేను మాత్రం ఏడాదికి పైగా పేరు తెలియకుండానే ఆ పాట విన్నాను. అసలు నా గొడవంతా ఆ తెలియకపోవడం గురించే.

ముందు కాస్త చరిత్ర. తెలిసినవాళ్ళు ఈ రెండు పేరాలూ దాటేసి ముందుకెళ్ళిపోవచ్చు.

1971 డిసెంబరులో డీప్ పర్పుల్ వాళ్ళు కొత్త ఆల్బమ్ రికార్డు చేసుకుందామని స్విట్జర్లాండులోని మోంట్రో అనే ఊరికి వెళ్ళారు. అక్కడి కసీనోలో రికార్డు చేయాలన్నది ప్లాను. అంతకు ముందు అక్కడ ఫ్రాంక్ జప్పా కచేరీ ఒకటి ఉంది. డిసెంబరు 4న ఆ కచేరీ మధ్యలో ఎవడో ఫ్లేర్ గన్ పేలిస్తే కసీనో మొత్తం తగలబడిపోయింది. సరస్సు మీద పరుచుకున్న ఆ పొగే తర్వాత పాటయింది. వీళ్ళు ఇంకో థియేటర్లో మొదలుపెడితే చప్పుడు భరించలేక చుట్టుపక్కలవాళ్ళు పోలీసుల్ని పిలిచారు. చివరికి చలికాలమని మూసేసిన గ్రాండ్ హోటల్ వరండాల్లో, పరుపులు అడ్డం పెట్టుకుని, బయట నిలబెట్టిన రికార్డింగు లారీకి వైర్లు లాగి, మూడు వారాల్లోపే పని కానిచ్చేశారు. అలా తయారైన ఆల్బమే 1972 మార్చిలో వచ్చిన "మెషీన్ హెడ్". మొత్తం ఏడు పాటలు.

ఎనిమిదోది మనది. ఆల్బమ్‌లో చోటు దొరకలేదు. "నెవర్ బిఫోర్" అనే పాటని సింగిల్‌గా విడుదల చేసినప్పుడు, ఆ చిన్న రికార్డుకి వెనక వైపు దీన్ని వేశారు. బి-సైడ్ అంటారు దాన్ని. కారణం ఏమని చెబుతారంటే, గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్‌కి ఆ పాట నచ్చలేదు. ఆయన బ్యాండులో ఉన్నన్నాళ్ళూ వేదిక మీద దాదాపు ఎప్పుడూ వాయించలేదు. 1972లో కెనడాలో ఒకసారి ఆయనకి ఒంట్లో బాగోక రాండీ కాలిఫోర్నియా అనే ఇంకో గిటారిస్టు ఆయన బదులు వాయించాడు. ఆ రోజు మాత్రం వాయించారట! అంటే ఆయన రాకపోతేనే ఆ పాటకి మోక్షం. ఇంకో తమాషా ఏంటంటే, ఏరి కోరి ముందు వైపు వేసుకున్న "నెవర్ బిఫోర్"ని ఇవ్వాళ తలుచుకునేవాళ్ళు తక్కువ. "స్మోక్ ఆన్ ద వాటర్"ని సింగిల్‌గా వేద్దామన్న ఆలోచన వాళ్ళకి 1973 దాకా రాలేదు. ఏ పాట ఆడుతుందో పాట చేసినవాళ్ళకే తెలియదన్నమాట.

సరే, ఇదంతా వరంగల్‌కి ఎలా చేరింది?

నేను చదివింది ఆర్.ఇ.సి.లో, 1996 నుంచి 2000 దాకా. దేశంలోని ఆర్.ఇ.సి.లన్నిట్లోకీ మొదటిది మాదే. 1959లో నెహ్రూ వచ్చి శంకుస్థాపన చేశారు. 2002లో ఎన్.ఐ.టి. అయింది. ఆ కాలేజీల పద్ధతి ఏంటంటే సగం సీట్లు సొంత రాష్ట్రం వాళ్ళకి, సగం మిగతా రాష్ట్రాల వాళ్ళకి. నర్సంపేట వైపు ఓ పల్లెలో తెలుగు మీడియం చదివి వచ్చిన నాలాంటివాడు కాజీపేటలో దిగి హాస్టల్ గదిలో అడుగు పెడితే, పక్క మంచం మీద బెంగాలీ, ఎదురు గదిలో మలయాళీ, పై అంతస్తులో మేఘాలయ నుంచి వచ్చిన సీనియర్. ఎవడి పచ్చడి సీసా వాడిది, ఎవడి క్యాసెట్లు వాడివి. పచ్చళ్ళలో మనం గెలిచాం. క్యాసెట్లలో మాత్రం ఆ మేఘాలయ సీనియర్‌ని కొట్టేవాడు లేడు. ఆ రాష్ట్రంలో రాక్ సంగీతం అంటే మనకి సినిమా పాటల్లాగే. అతని ట్రంకు పెట్టెలో బట్టల కంటే టేపులే ఎక్కువ ఉండేవి. సెలవులకి వెళ్తూ నాకు నాలుగు ఇచ్చి వెళ్ళేవాడు. మా ఊళ్ళో అవి పెడితే మా నాన్న "టేపు నలిగినట్టుంది, చూడు" అనేవాడు :)

అందులో ఒకటి 90 నిమిషాల క్యాసెట్టు. పక్కకి 45. ఒక పక్క "మెషీన్ హెడ్". మొత్తం ఆల్బమ్ 38 నిమిషాలకి అటూ ఇటూ. అంటే ఏడు నిమిషాల ఖాళీ మిగులుతుంది. క్యాసెట్లు నింపిన అనుభవం ఉన్నవాళ్ళకి ఈ ఖాళీ విలువ తెలుసు. వదిలేస్తే డబ్బులు దండగన్న బాధ, నింపుదామంటే ఏ పాటా సరిగ్గా పట్టదు. అతను ఆ ఖాళీలో మూడున్నర నిమిషాల పాట ఒకటి వేసి, దాని తర్వాత ఇంకోటి మొదలుపెట్టాడు. అది సగంలో తెగిపోతుంది. పైనున్న అట్ట మీద ఆల్బమ్ పేరు తప్ప ఇంకేమీ రాయలేదు. డీప్ పర్పుల్ సింగిల్స్ రెండు వైపులా కలిపి 1978లో ఒక సంకలనం వచ్చింది, దాంట్లోంచి దించాడు. ఆ సంగతి నాకు తర్వాతెప్పుడో చెప్పాడు. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, నాకు ఈ పాట ప్యాడింగ్‌లో దొరికిన డేటా.

అందుకే నాకది బి-సైడ్ అని తెలియదు. ఆల్బమ్‌లోంచి తీసేశారని తెలియదు. గిటారిస్టుకి నచ్చలేదని తెలియదు. "స్పేస్ ట్రకిన్" గోల ఆగిపోయాక టేపు కొద్దిగా గరగరలాడి, గిటారు మీద ఒక్కో తీగనీ విడివిడిగా మీటుతూ మొదలయ్యే ఒక నెమ్మదైన పాట. నా లెక్కలో అది ఆల్బమ్‌లో చివరి పాట. నిజం చెప్పాలంటే ఆల్బమ్ మొత్తం ఆ పాట కోసమే ఉందనుకునేవాణ్ణి.

ఇయాన్ గిలన్ గొంతు గురించి తెలిసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. తెలియనివాళ్ళ కోసం: 1970లో వచ్చిన "జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్" రికార్డులో క్రీస్తుగా పాడింది ఆయనే. అదే ఏడాది "చైల్డ్ ఇన్ టైమ్"లో ఆయన పెట్టిన కేకలకి హాస్టల్లో అద్దాలు పగులుతాయేమో అనిపించేది. (అన్నట్టు, ఆ పాటలో ఆర్గన్ మీద వచ్చే వరసని ఇట్స్ ఎ బ్యూటిఫుల్ డే అనే అమెరికా బ్యాండు పాట నుంచి ఎత్తుకున్నారు. ఆ అమెరికా పాట పేరు "బాంబే కాలింగ్"!) అలాంటి గొంతున్న మనిషి ఈ పాటలో ఆ కేకల జోలికే పోడు. మధ్యలో గొంతు పెంచుతాడు, కానీ అది ఏడుపు దాకానే వెళ్తుంది, అరుపు దాకా పోదు. వెనక జాన్ లార్డ్ ఆర్గన్ పలచగా పరుచుకుని ఉంటుంది. మధ్యలో వచ్చే గిటారు సోలో కూడా బాగుంటుంది. పాట నచ్చని మనిషి వాయించినదా ఇది అనిపిస్తుంది. నచ్చని పనిని కూడా అంత శ్రద్ధగా చేసేవాళ్ళని నేను మా ఆఫీసులో ఇద్దర్నే చూశాను.

ఇప్పుడు మా మామ గురించి చెప్పాలి.

మా అమ్మ తమ్ముడు. చిన్నప్పుడు అమ్మవారు పోసి రెండు కళ్ళూ పోయాయి. మశూచి దేశంలోంచి ఇంకా పోని రోజులవి. పన్నెండో పదమూడో ఏట ఊరికొచ్చిన ఒక నాటకాల మేస్త్రీ దగ్గర హార్మోనియం పట్టుకున్నాడు, ఇక వదల్లేదు. మా వైపు చిరుతల రామాయణం అని ఆడతారు. కుర్రాళ్ళు చేతుల్లో చిరుతలు పట్టుకుని, గుండ్రంగా తిరుగుతూ, రామాయణం మొత్తాన్ని పాటలుగా పాడతారు. నెలల తరబడి నేర్చుకుని రాత్రుళ్ళు ఆడతారు. దానికి చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకి హార్మోనియం మా మామే. పెట్టె పాడైతే బాగు చేసుకునేదీ తనే. ఇత్తడి రీడు కొస దగ్గర గీకితే సుర పైకి పోతుందని, మొదట్లో గీకితే కిందకి దిగుతుందని నాకు చెప్పింది ఆయనే. ట్యూనింగు మెషీన్లూ గట్రా ఏం లేవు, చెవే.

1998 దసరాకి ఊరెళ్ళినప్పుడు ఆ క్యాసెట్టు పట్టుకెళ్ళాను. మామ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. నా వాక్‌మన్ ఇయర్‌ఫోన్లు రెండూ ఆయన చెవుల్లో పెట్టి "హైవే స్టార్" వినిపించాను. పది సెకన్లలో పీకేశాడు.

"ఇదేం లొల్లిరా అల్లుడా! కొట్లాడుకుంటాండ్లా?"

అయితే ఇది విను అని టేపు ముందుకి నడిపి చివరి పాట పెట్టాను. ఈసారి పీకలేదు. కదల్లేదు కూడా. అయిపోయాక, "మల్లొక్కసారి పెట్టు" అన్నాడు. నా వాక్‌మన్ చవకరకం, దాంట్లో వెనక్కి తిప్పే మీట లేదు. క్యాసెట్టు తిరగేసి, ముందుకి నడిపి, మళ్ళీ తిరగేసి అందాజాగా పట్టుకోవాలి. అలా ఆ సాయంత్రం నాలుగుసార్లు తిరగేశాను.

"ఎన్కకు ఒకాయన హార్మోనియం పట్టిండు గదా" అన్నాడు. "ఊపిరి ఆపుతలేడు. బెలోసు ఎట్ల కొడ్తాండో సమజైతలేదు."

అది హార్మోనియం కాదు మామా, హేమండ్ ఆర్గన్ అంటారు, కరెంటు మీద నడుస్తుంది, గాలి కొట్టే పని లేదు అన్నాను. దాన్ని మార్షల్ యాంప్లిఫయర్లలోకి కలిపి గిటారుతో సమానంగా మోగించడం జాన్ లార్డ్‌కి అలవాటు. అదీ చెప్పాను. కాసేపు ఆలోచించాడు.

"కరెంటు ఉండి కూడా గింత మెల్లగ పట్టిండంటే, మంచి పనోడే."

నేను ఆ మాట అప్పటిదాకా ఆలోచించలేదు. చేతిలో అంత చప్పుడు పెట్టుకుని వాడకుండా ఉండటం. తర్వాత డీప్ పర్పుల్ మీద ఎన్నో రివ్యూలు చదివాను. ఆ పాటలో ఆర్గన్ గురించి ఇంత సూటిగా చెప్పినది ఒక్కటీ కనిపించలేదు.

ఇంకో మాట కూడా అన్నాడు. "పాడెటాయన ఎవలినో పోగొట్టుకున్నడు." ఆయనకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఎట్లా తెలిసింది అని అడిగితే, "గొంతు ముందుకొస్తలేదు గద, ఎన్కకు పోతాంది" అన్నాడు.

పాట పేరు నాకు 1999 చివర్లో తెలిసింది. హన్మకొండ చౌరస్తా దగ్గర ఇంటర్నెట్ సెంటర్లో, అర్థమైన నాలుగు మాటలూ ఆల్టావిస్టాలో కొడితే పాట మొత్తం వచ్చింది, పైన పేరుతో సహా. ఒక గుడ్డివాడు ఏడిస్తే. అంతే, అదీ పేరు. పాట కథ కూడా అదే. ఒక గదిలో ఒంటరిగా పడి ఉన్న మనిషి. ఇక ఎవరూ వస్తారన్న ఆశ లేదు. తన్ను గుడ్డివాడితో పోల్చుకుని, లోకంలో ఇంతకన్నా విషాదం లేదంటాడు.

నాకు ఎందుకో చిరాకేసింది. పాట అంతకు ముందు రోజు ఎలా ఉందో అలాగే ఉంది. కానీ ఇప్పుడు దాని మీద ఒక చీటీ అంటించినట్టు ఉంది. ఇది జాలి పాట, జాలిగా వినండి అని.

మామకి చెప్పాలా వద్దా? వారం రోజులు ఇదే ఆలోచన. చెప్పకపోతే ఏం పోయింది అనిపించింది. కానీ కళ్ళున్నవాడికి చెప్పే విషయం ఆయనకి చెప్పకుండా దాచడం ఏం మర్యాద? సంక్రాంతికి వెళ్ళినప్పుడు చెప్పాను. ఆ సంభాషణ దాదాపు మాట మాటా గుర్తుంది.

"పాడెటాయన గుడ్డోడా?"

"కాదు మామా."

"రాసినోడు?"

"వాళ్ళు అయిదుగురే కలిసి రాసుకున్నరు."

"వాండ్లల్ల ఎవలికన్న కండ్లు లేవా?"

"అందరికీ ఉన్నయి."

"మరి నా ఏడుపు వానికెందుకురా?"

కోపంగా ఏం అనలేదు. నవ్వుతూనే అన్నాడు. "పాట మంచిగనే ఉండె" అని కూడా అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ నేను చాలా దూరం పోయాను. పాట తరఫున వాదించాలంటే వాదించొచ్చు. అది నిజంగా గుడ్డివాడి పాట కాదు, కుమిలిపోతున్నవాడు తనని తాను అలా అనుకోవడం, అంతే. మనమూ అంటాం కదా, గుడ్డి నమ్మకమని, గుడ్డిగా కాపీ కొట్టాడని. మా కోడ్ రివ్యూల్లో ఈ మాట రోజుకి రెండుసార్లు వినబడుతుంది. ఎవరూ నొచ్చుకోరు. ఎందుకంటే ఆ గదిలో మా మామ ఉండడు.

ఇంకో వాదన: ఈ పాట నడక బ్లూస్ నడక, బ్లూస్‌లో నిజంగా కళ్ళు లేని మహానుభావులు ఎందరో ఉన్నారు. బ్లైండ్ లెమన్ జెఫర్సన్, బ్లైండ్ విల్లీ మెక్‌టెల్, బ్లైండ్ విల్లీ జాన్సన్. పేర్లు చూడండి. రికార్డు మీద మనిషి పేరు కంటే ముందు ఆ మాట అచ్చయింది, డిగ్రీలాగా. వాళ్ళ సంగతి చూస్తే తమాషాగా ఉంటుంది. బ్లైండ్ విల్లీ జాన్సన్ 1927లో డల్లస్‌లో ఒక పాట రికార్డు చేశాడు. దాంట్లో మాటలే లేవు. మూడు నిమిషాల పైచిలుకు మూలుగు, కూనిరాగం, గిటారు. చీకటి రాత్రి అనే మాట పేరులో ఉంది గానీ, కళ్ళు లేవని ఎవరికీ చెప్పుకోడు, జాలిపడమని అడగడు. 1977లో వోయేజర్ వ్యోమనౌకల్లో భూమి తరఫున పంపిన బంగారు రికార్డులో ఆ పాట ఉంది. ఇప్పుడు సూర్యుడి ప్రభావం ఉన్న మేర దాటి పోతూ ఉంది. కళ్ళున్న అయిదుగురు గుడ్డివాడి ఏడుపు గురించి మాటలు రాసుకున్నారు. నిజంగా కళ్ళు లేనివాడు మాటలే వాడలేదు. ఇది నా తీర్పు కాదు, అలా జరిగిందంతే. కానీ మామ ప్రశ్నకి దగ్గరగా వెళ్ళే జవాబు నాకు ఇక్కడే దొరికింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ కాజీపేటలోనే ఉంది. సికింద్రాబాదు వైపు పోయే ఏ రైల్లోనైనా జనరల్ పెట్టెలో ఎక్కండి. ఎవరో ఒకరు కర్ర తాటించుకుంటూ పాడుతూ వస్తారు. మనం ఏం చేస్తాం? ముందు కర్ర చూస్తాం, జేబు తడుముకుంటాం, రూపాయో రెండో వేస్తాం. వేసేశాక పాట మన బాధ్యత కాదు. కొందరు నిజంగా బాగా పాడతారు. శ్రుతి ఎక్కడా తప్పదు, రైలు చప్పుడునే తాళంగా పట్టుకుంటారు. కానీ దాన్ని వినాలంటే కర్రని మర్చిపోవాలి, అది మన చేత కాదు.

మామ విషయంలో ఆ కర్ర ఒక బ్రాకెట్. చిరుతల రామాయణం ఆడే ముందు ఊళ్ళల్లో కరపత్రాలు పంచుతారు. రాముడు ఎవరు, రావణుడు ఎవరు, చందా ఎవరెవరు ఎంతెంత ఇచ్చారు అన్నీ ఉంటాయి. కింద వాద్య సహకారం. హార్మోనియం అని రాసి, మామ పేరు, పక్కన బ్రాకెట్లో "అంధ కళాకారుడు". ఎన్నేళ్ళ నుంచో అంతే. 2003లో ఆ కరపత్రం హన్మకొండలో డి.టి.పి. చేయించే పని నా నెత్తిన పడింది. అప్పటికి నేను హైదరాబాదులో ఉద్యోగంలో ఉన్నాను. కంప్యూటర్ ఇంజనీరు కదా, నువ్వే చేయించు అన్నారు (కంప్యూటర్ ఇంజనీర్లకి ఊళ్ళో ఉండే పనులు ఇవే: కరపత్రాలూ, హాల్ టికెట్లూ). చేతిరాత కాగితం చదివి వినిపిస్తుంటే మామ ఆపాడు.

"ఆ బ్రాకెట్ తీసెయ్‌రా అల్లుడా. తబలాయన కుంటుతడు. ఆయనకు రాస్తాండ్లా?"

తీసేయించాను. మండలి పెద్దాయనకి నచ్చలేదు. నాతో చాలా సౌమ్యంగానే చెప్పాడు, ఆ మాట ఉంటే జనం ఎక్కువ వస్తారు, చూసినవాళ్ళు పదో పరకో ఎక్కువ ఇస్తారు, అందులో మీ మామకీ వాటా ఉంది కదా అని. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. ఆ మాటకి నిజంగానే డబ్బులు వస్తాయి. రికార్డు కంపెనీల వాళ్ళకి తెలిసిన లెక్కే మా మండలి పెద్దాయనకీ తెలుసు. ఆ ఒక్క ఏడాది కరపత్రం బ్రాకెట్ లేకుండా వెళ్ళింది. పై ఏడు నేను ఊళ్ళో లేను. బ్రాకెట్ తిరిగొచ్చింది. మామ మళ్ళీ అడగలేదు. చందాల వాటా మాత్రం మండలికే వదిలేయడం మొదలుపెట్టాడు. ఎందుకని ఆయనా చెప్పలేదు, మేమూ అడగలేదు.

ఈ మధ్యలో ఆ పాటకి కూడా రోజులు మారాయి. బ్లాక్‌మోర్ 1993 చివర్లో బ్యాండు వదిలేశాడు. స్టీవ్ మోర్స్ వచ్చాక గిలన్ దాన్ని వేదిక మీద పాడటం మొదలుపెట్టాడు. 1995 ఏప్రిల్లో వాళ్ళు బొంబాయి వచ్చినప్పుడు కూడా పాడారు. 1996లో పారిస్ ఒలింపియాలో పాడినది రికార్డుగానే వచ్చింది. 1997లో "మెషీన్ హెడ్" పాతికేళ్ళ ఎడిషన్‌లో, పాతికేళ్ళు ఆలస్యంగా, ఎనిమిదో పాటకి చోటు దొరికింది. అదే 1997లో బ్లాక్‌మోర్ ఏం చేశాడో తెలుసా? గోల పక్కన పెట్టేసి, పాతకాలపు వాద్యాలతో మెత్తమెత్తగా పాడుకునే "బ్లాక్‌మోర్స్ నైట్" మొదటి ఆల్బమ్ తెచ్చాడు. మెత్తటి పాట నచ్చలేదని మనం ఇన్నాళ్ళూ ఆయన్ని తిట్టుకున్నాం కదా. మెత్తదనం ఆయనకి పడనిది కాదన్నమాట. ఈ పాటలో ఆయనకి పడనిది ఏదో వేరే ఉంది. పేరేనేమో, మా మామలాగా! ఇది నా ఊహ మాత్రమే లెండి, బ్లాక్‌మోర్ అభిమానులు కర్రలు తీసుకుని రావద్దు.

బి-సైడ్ పాటలకి అన్యాయం జరిగిందని బాధపడేవాళ్ళు ఒక జాతి. ఒకప్పుడు నేనూ ఆ జాతేనని ఒప్పుకోవచ్చు గానీ, ఇప్పుడు ఆ గోలలో నాకంత ఆసక్తి లేదు. "ఎవరూ పట్టించుకోని ఆణిముత్యం" అనేది కూడా ఒక బ్రాకెట్టే. అది చదివి విన్నవాడు పాటని వినడు, తను కనిపెట్టానన్న గొప్పని వింటాడు. నాకు ఆ మేఘాలయ సీనియర్ చేసిన మేలు పాట ఇవ్వడం ఒక్కటే కాదు, అట్ట మీద ఏమీ రాయకపోవడం. అతను బద్ధకంతో రాయలేదు. ఆ బద్ధకం వల్లే మా మామ ఒక సాయంత్రం పూట జాన్ లార్డ్ చేతిని విన్నాడు. ఇప్పుడు అలా వినడం కుదరదు. ఫోనులో పాట మొదలవ్వకముందే పేరు, బొమ్మ, ఏడు, ఎన్ని లక్షలమంది విన్నారో అన్నీ వచ్చేస్తాయి.

2012లో "మెషీన్ హెడ్"కి నలభై ఏళ్ళు నిండాయని చాలామంది కలిసి ఒక ఆల్బమ్ చేశారు. అందులో ఈ పాటని తీసుకున్నది ఎవరనుకున్నారు? మెటాలికా! జాన్ లార్డ్ ఆ జులైలోనే పోయాడు. ఆ దసరాకి మామకి ఫోనులో వినిపించాను. మెటాలికా వాళ్ళు మొదట్లో నెమ్మదిగానే ఉంటారు, తర్వాత వాళ్ళ ధర్మం వాళ్ళు నెరవేరుస్తారు. మామ ఓపిగ్గా చివరిదాకా విన్నాడు.

"హార్మోనియం ఏదిరా?"

"వీళ్ళ దాంట్లో లేదు మామా. అది పట్టినాయన మొన్న జులైల పోయిండు."

కాసేపు ఏమీ అనలేదు. "ఎన్నేండ్లు?" అన్నాడు. డెబ్బై ఒకటి అని చెప్పాను. తర్వాత, ఆయనది పెట్టు అన్నాడు. పెట్టాను. ఒక నిమిషం విని, తల అడ్డంగా ఊపాడు.

"ఈ ఫోన్ల ఆయన చెయ్యి ఇనపడ్తలేదు. అప్పుడు చెవులకు పెట్టినవ్ సూడు, ఆ బుడ్డ డబ్బ, అది ఉన్నదా?"

అటక మీద వెతికితే వాక్‌మన్ దొరికింది. క్యాసెట్టు కూడా దొరికింది. బ్యాటరీల కోసం మా చిన్నోణ్ణి కొట్టుకి పంపించాను.